రెండు వందల పది అడుగులు

మా నాయన బోరు బండ్ల ఏజెంటు. కళ్యాణదుర్గం చుట్టుపక్కల ఎవరి పొలంలో బోరు వేయాలన్నా తిరుచెంగోడు నుంచి వచ్చే తమిళనాడు బండ్లనే మాట్లాడుకోవాలి. ఆ మాట్లాడే పని మా నాయనది. బండి దిగిందంటే రాత్రీ పగలూ అక్కడే ఉండేవాడు. తెల్లారి ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద కూడా బూడిద రంగు రాతి పొడి ఉండేది. గుమ్మంలోనే అమ్మ అడిగేది ఒకటే ప్రశ్న. "నీళ్లు పడినాయా?"

అందుకే అంటార్కిటికాలో ఐసు తవ్వే బృందంలో నా పేరు వచ్చిందని ఫోన్ చేసినప్పుడు నాయన కంగ్రాట్స్ చెప్పలేదు. "ఎన్నడుగులు వేస్తారు పాపా?" అన్నాడు.

"అరవై మీటర్లు దాటాలని ప్లాను."

లెక్క వేసుకున్నాడు. "రెండొందల అడుగులా? దానికంత దూరం పోవల్లా? నీళ్లన్నా పడతాయా?"

"అక్కడంతా నీళ్లే నాయనా. గడ్డకట్టినాయి, అంతే."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సర్లే, చలికి జాగ్రత్త" అని పెట్టేశాడు.

నేను చేసేది ఐసులో చిక్కుకున్న రసాయనాల మీద పరిశోధన. మన దేశం నుంచి అంటార్కిటికా యాత్రలు నడిపేది గోవాలోని వాస్కోలో ఉన్న జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం. మొదటి యాత్ర 1981లో సముద్ర శాస్త్రవేత్త ఖాసిం గారి నాయకత్వంలో బయలుదేరింది. ఇప్పుడు ఏటా వెళ్తారు. వేసవికి వెళ్లి తిరిగొచ్చేవాళ్లు కొందరు, చలికాలమంతా అక్కడే ఉండిపోయేవాళ్లు కొందరు. నేను వేసవి బ్యాచ్. వేసవి అంటే మన డిసెంబరు, జనవరి.

పేరు రావడంతో అయిపోదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో తల నుంచి కాలి వరకూ పరీక్షలు. పంటి దగ్గర కూడా వదల్లేదు. అక్కడ పన్ను నొప్పి వస్తే ఎంత అవస్థో వాళ్లకు తెలుసు. ఆ తర్వాత ఉత్తరాఖండ్‌లోని ఔలీలో టిబెట్ సరిహద్దు కాసే పోలీసు దళం ఐటీబీపీ వాళ్ల శిక్షణ. తాడు కట్టుకుని నడవడం, టెంటు వేయడం, మంచు చీలికలో పడిన మనిషిని పైకి లాగడం. నేను మంచు చూడటం అదే మొదలు. ఈ విషయంలో మన తెలుగుతో నాకు చిన్న పేచీ ఉంది. ధనుర్మాసంలో పొద్దున్నే పొలం మీద కనబడేదీ మంచే, గడ్డి మీద బొట్లుగా ఉండేదీ మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే. అనంతపురం పిల్లకు ఇంతకు మించి మాట అవసరమేముంది? కానీ నా పనంతా ఆ తేడాల మీదే నడుస్తుంది. కాబట్టి ఇక్కడ కురిసి పొడిగా ఉన్నదాన్ని మంచు అంటాను, బిగుసుకుని గాజులా అయినదాన్ని ఐసు అంటాను. రెండింటి మధ్య దశ ఒకటుంది, మంచూ కాదు ఐసూ కాదు. దాన్ని ఫిర్న్ అంటారు. నేను తవ్వింది ఎక్కువగా అదే.

కేప్‌టౌన్‌లో విమానం కోసం ఆరు రోజులు కూర్చున్నాం. అక్కడి నుంచి రష్యన్ల ఐఎల్-76 అనే పెద్ద సరుకుల విమానం ఎక్కాలి. అంటార్కిటికాలో వాతావరణం బాగుంటేనే అది కదులుతుంది. రోజూ సాయంత్రం మెసేజ్ వచ్చేది, రేపు లేదని. ఏడో రోజు తెల్లవారుజామున ఉందన్నారు. ఇంచుమించు ఆరు గంటల ప్రయాణం. చెవుల్లో దూది పెట్టుకున్నా ఇంజిన్ మోత పుర్రెలోకి దూరుతుంది. దిగడానికి గంట ముందు అందరూ లేచి, ఆ ఊగులాటలోనే ధ్రువ దుస్తులు తొడుక్కున్నారు. తలుపు తెరిచారు. రన్‌వే తారు రోడ్డు కాదు, నీలం రంగు ఐసు. నేను మొదటి అడుగు వేసి రెండో అడుగుకే జారాను. ఔలీలో నేర్చుకున్నదంతా అక్కడికే సరి.

మన మైత్రి స్టేషన్ షిర్మాకర్ ఒయాసిస్ అనే చోట ఉంది. ఒయాసిస్ అంటే ఈతచెట్లు ఉంటాయనుకునేరు. చుట్టూ ఐసు, మధ్యలో ఐసు లేని రాతి గుట్టలు, వందకు పైగా చిన్నా పెద్దా చెరువులు. అందుకే ఆ పేరు. చూడగానే నాకు మా ఊరి గుట్టలు గుర్తొచ్చాయి, ఒక్క తుమ్మ చెట్టు లేదంతే. నేను ఊరికే అన్న మాట కాదిది. మన తూర్పు కనుమలూ, తూర్పు అంటార్కిటికా తీరంలో కొంత భాగమూ ఒకప్పుడు అతుక్కుని ఉన్న నేల. గోండ్వానా అనే ఆ పాత మహాఖండం విడిపోయినప్పుడు ఒకటి ఉత్తరానికొచ్చి విశాఖ దగ్గర ఎండకు కాలుతోంది, ఇంకోటి దక్షిణాన ఐసు కింద పడుకుంది. హైదరాబాద్‌లో భూమి మీద పరిశోధనలు చేసే ఎన్‌జీఆర్ఐ వాళ్లు మైత్రిలో భూకంపాలనూ, నేల కదలికనూ కొలిచే పరికరాలు పెట్టి చాలా ఏళ్లయింది. వాటి బాగోగులు చూసే అబ్బాయి ఆ ఏడాది కూడా ఉన్నాడు, ఉప్పల్ వాడు. మెస్‌లో అతను "అక్కా, పప్పు ఎట్లుంది?" అన్నప్పుడు ఎంత ప్రాణం లేచొచ్చిందో చెప్పలేను.

మైత్రి 1989లో కట్టింది. దానికి ముందు దక్షిణ గంగోత్రి అని ఒకటుండేది. దాన్ని 1983లో తేలే ఐసు మీద కట్టారు. ఏటా మంచు మీద పడుతూ పోతే కట్టడం కిందికి పోతుంది కదా, ఏడేళ్లలోనే కూరుకుపోయి వదిలేయాల్సి వచ్చింది. మంచు ఎలా పేరుకుంటుందో అర్థం కావాలంటే ఇంతకన్నా మంచి పాఠం లేదు. అందుకే మైత్రిని రాతి మీద, కాళ్ల మీద నిలబెట్టారు. తాగే నీళ్లు పక్కనున్న ప్రియదర్శిని చెరువు నుంచి. చెత్త ఏదీ అక్కడ పారేయకూడదు, డబ్బాల్లో కట్టి వెనక్కి తెచ్చుకోవాల్సిందే. రాత్రి ఉండదు కాబట్టి కిటికీకి నల్ల గుడ్డ కట్టుకుని పడుకోవాలి.

ఒకరోజు ఉప్పల్ తమ్ముడు ఐసు అంచున విరిగిపడిన ముక్క ఒకటి తెచ్చి నీళ్ల గ్లాసులో వేశాడు. "చెవి పెట్టక్కా" అన్నాడు. చిటపట, చిటపట. తాలింపులో ఆవాలు సన్న మంట మీద పేలినట్టు. వేల ఏళ్ల కింద మంచు బిగుసుకునేటప్పుడు లోపల చిక్కిన గాలి, అంత బరువు కింద నలిగి ఉన్నది, ఐసు కరగ్గానే పగిలి బయటికొస్తోంది. ఆ గాలిని నేను పుస్తకాల్లో ఎన్నేళ్లు చదివానో. చెవితో వినడం మాత్రం అదే.

తవ్వాల్సిన చోటు మైత్రిలో కాదు. దక్షిణంగా, పీఠభూమి వాలు మీదికి పోవాలి. పిస్టెన్‌బుల్లీ అనే గొలుసు చక్రాల బండ్లు రెండు, వాటి వెనక స్లెడ్జిలు. ముందు బండికి రాడార్ కట్టారు, పైన మంచు కప్పేసిన చీలికలు ఎక్కడున్నాయో అది చూపిస్తుంది. మేం ఐదుగురం. డ్రిల్ నడిపే పెద్దాయన బెంగాలీ, అందరం దాదా అనేవాళ్లం. ఇద్దరు బండ్ల వాళ్లు, ఒక జూనియర్, నేను.

బోరు వేయడానికి ముందు పాయింటు పెట్టించుకుంటారు కదా. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా నడిచే పెద్దమనుషులను చిన్నప్పుడు చాలామందిని చూశాను, కాయ నిలబడిన చోట ముగ్గు వేసేవాళ్లు. మాకూ పాయింటు కావాలి. చీలికలు ఉండకూడదు. గాలి మంచునంతా ఊడ్చేసే చోటు కాకూడదు, అలా ఊడ్చితే కొన్నేళ్ల లెక్క మాయమైపోతుంది. వేసవిలో కరిగే చోటు అసలు కాకూడదు, కరిగిన నీళ్లు కిందికి దిగి పాత పొరలను పాడుచేస్తాయి. కింద పొరలు మడతలు పడకుండా చాపలు పరిచినట్టు ఉండాలి. రాడార్ గీతలు చూసి దాదా రెండు రోజులు అటూ ఇటూ తిప్పి ఒక చోట వెదురు కర్ర పాతాడు. చూస్తే చుట్టూ ఉన్నదానికీ దానికీ ఏ తేడా లేదు. ఎటు చూసినా తెలుపే. "కొబ్బరికాయ నిలబడింది" అన్నాను. దాదాకు అర్థం కాలేదు, చెబితే పగలబడి నవ్వాడు.

మొదట మంచులో గుంత తవ్వి, దాని మీద టెంటు వేసి, లోపల డ్రిల్ స్తంభం నిలబెట్టాం. జనరేటర్‌ను గాలి పోయే వైపున దూరంగా పెట్టాం, దాని పొగ ఒక్క పీల్పు మా ఐసు మీద పడినా ఇక ఆ ముక్క రసాయన పరీక్షకు దండగ. గుంతలోకి తినేది ఏదీ తేకూడదు. మా జూనియర్ అబ్బాయి జేబులో ఆవకాయ ప్యాకెట్టుతో దిగితే, బయటికి పంపించి కోటు మార్పించాను. నవ్వుకోండి పర్వాలేదు. మేం కొలిచే సోడియం వంద కోట్ల పాళ్లలో కొన్ని పాళ్లు. చెమట పట్టిన వేలు తగిలితే చాలు, వందేళ్ల సముద్రపు గాలి కన్నా ఎక్కువ ఉప్పు అంటుకుంటుంది.

మా డ్రిల్ బోరు బండి లాంటిది కాదు. అక్కడ కంప్రెసర్ గాలితో సుత్తి కొడుతూ రాయిని పొడి చేసి పైకి ఊదేస్తారు. ఆ పొడి ఎవరికీ అక్కర్లేదు, కావాల్సింది బొక్క, అందులో నీళ్లు. మాకు సరిగ్గా తలకిందులు. బొక్క అక్కర్లేదు, అందులోంచి వచ్చేదే కావాలి. పొడి కాకుండా, చెరుకు గడలా, నిలువునా. రెండు గొట్టాలు, ఒకదానిలో ఒకటి. లోపలి గొట్టం తిరుగుతుంటే దాని అడుగునున్న మూడు కత్తులు ఉంగరంలా చుట్టూ కోరుకుంటూ దిగుతాయి, మధ్యలో ఉన్నది గొట్టంలోకి ఎక్కుతుంది. సుత్తి పని కాదు, కొబ్బరి కోరే పని. దాన్ని ఇంగ్లీషులో కూడా కోరే అంటారు కాబట్టి నాకు గుర్తుంచుకోవడం తేలికయింది.

ఒక్కసారి దించి ఎత్తడాన్ని రన్ అంటారు. ఒక రన్ ఎలా ఉంటుందో చెబుతాను, మిగతావన్నీ దానికి నకళ్లే. దాదా వించ్‌ను, అంటే కేబుల్ చుట్టే యంత్రాన్ని, వదులుతాడు, డ్రిల్ కేబుల్ మీద కిందికి జారుతుంది. అడుగు తగలగానే కేబుల్ కొంచెం సడలుతుంది. మోటారు వేస్తాడు. పై నుంచి వినబడేది సన్నటి గర్ర్ మాత్రమే, లోతు పెరిగేకొద్దీ అదీ వినబడదు, అప్పుడు దాదా అరచేతిని కేబుల్ మీద పెట్టి ఆ వణుకును బట్టి చెప్పేవాడు. అర మీటరో ముప్పావు మీటరో దిగాక మోటారు ఆపుతాడు. ఇప్పుడు ఐసు కడ్డీ గొట్టంలో ఉంది గానీ అడుగున ఇంకా నేలకు అతుక్కునే ఉంది. వించ్‌ను మెల్లగా లాగుతాడు. కత్తుల పక్కన చిన్న పళ్లు ఉంటాయి, పైకి లాగితే అవి కడ్డీలోకి గుచ్చుకుంటాయి. కేబుల్ బిగుస్తుంది, బిగుస్తుంది, ఆ బిగువు చూపే మీటరు ముల్లు ఎక్కుతుంది, ఒక్కసారి టక్. తెగింది. అందరం ఊపిరి వదులుతాం. పైకి వచ్చాక గొట్టాన్ని అడ్డంగా పడుకోబెట్టి, కడ్డీని పళ్లెం లాంటి తొట్టిలోకి మెల్లగా తోస్తారు. అక్కడి నుంచి నా పని.

కొలవాలి. కింది వైపు ఏదో బాణం గుర్తు వేయాలి. విరిగిన చోట కిందటి ముక్కతో మొహాలు కలుస్తున్నాయా చూడాలి. పాలిథిన్ గొట్టంలోకి ఎక్కించి, తూచి, నంబరు వేసి, పుస్తకంలో రాయాలి. పెన్సిల్‌తోనే, పెన్ను గడ్డకట్టిపోతుంది. పై మీటర్లలో వచ్చినవి కొబ్బరి లౌజులా చేతిలో రాలిపోయేవి, వాటిని ముక్క అనడానికే సిగ్గేసింది. పది మీటర్లకు గట్టిపడ్డాయి. ముప్పై దాటాక తడితే ఖంగుమన్నాయి. లోతును డ్రిల్ కేబుల్ లెక్క ప్రకారం దాదా రాస్తాడు, ముక్కల పొడవులు కలిపి నేను రాస్తాను. ఇద్దరి లెక్కా ఎప్పుడూ కలవదు. ఇరవై మీటర్ల దగ్గర పదకొండు సెంటీమీటర్ల తేడా వచ్చింది. భోజనం దగ్గర దాని మీద గొడవ పడ్డాం, అచ్చం మా నాయనా రైతులూ అడుగుల లెక్క మీద గొడవ పడ్డట్టే. అక్కడ అడుగుకింత అని డబ్బులు, ఇక్కడ సెంటీమీటరుకింత అని కాలం.

రాత్రి భోజనాలయ్యాక వంట టెంటులో దాదా కబుర్లు చెప్పేవాడు. ఫ్రాన్స్, ఇటలీ వాళ్లు కలిసి నడిపే కాంకార్డియా స్టేషన్ దగ్గర డోమ్ సి అనే చోట యూరప్ వాళ్లు మూడు కిలోమీటర్లకు పైగా తవ్వి 8 లక్షల ఏళ్ల వెనక్కి వెళ్లారు.  ఆ 8 లక్షల ఏళ్లలో గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకు 180 నుంచి 300 పాళ్ల మధ్యే ఊగిసలాడింది. ఇప్పుడది 420 దాటింది. ఈ సంగతి ఇంత గట్టిగా చెప్పగలగడానికి ఆధారం బుడగల్లోని ఆ గాలే. అంటార్కిటికా ఐసంతా కరిగితే సముద్రం 58 మీటర్లు లేస్తుందనే లెక్క కూడా అప్పుడే వచ్చింది. బండి నడిపే పంజాబీ ఆయన "మా లూధియానాకు రాదులే" అన్నాడు. అంతా ఒకేసారి కరగదు, కానీ అందులో వందో వంతు కరిగినా కోనసీమలో ఎన్ని ఊళ్లు ఉంటాయో లెక్క వేసుకోవచ్చు. నేనది పైకి అనలేదు. అక్కడ ఎవరూ అలాంటివి పైకి అనరు. మర్నాటి గాలి ఎంతుంటుంది, డీజిల్ ఎంత మిగిలింది, ఇవే మాటలు.

నలభై ఒకటో మీటరు దగ్గర నా తప్పు వల్ల డ్రిల్ ఇరుక్కుంది.

ఆ రోజు గాలి లేదు, ఎండ ఫెళ్లున కాస్తోంది. బయట మైనస్ 14. అలాంటి రోజు టెంటు లోపల వెచ్చగా అనిపిస్తుంది, ప్రాణానికి హాయి. భోజనానికి పైకి వెళ్లేటప్పుడు టెంటు గుడ్డ దించి, డ్రిల్ గొట్టాన్ని తెల్ల గుడ్డతో కప్పడం నా వంతు. కప్పాను. గుడ్డ దించడం మరిచిపోయాను. నలభై నిమిషాలకు వచ్చి చూస్తే ఎండ సరిగ్గా గొట్టం కింది భాగం మీద పడుతోంది, కప్పిన గుడ్డ కూడా జారిపోయి ఉంది. చేత్తో తాకితే చల్లగానే ఉంది. చల్లగానే ఉంది కదా అనుకున్నాను. చేతికి చల్లగా ఉన్నది ఐసుకు వెచ్చగా ఉండొచ్చని ఆ క్షణంలో నాకు తట్టలేదు. దాదాకు చెప్పలేదు.

రన్ మొదలైంది. కాసేపటికి దాదా మొహం మారింది. కేబుల్ మీద చెయ్యి ఆనించి "ఇది మన చప్పుడు కాదు" అన్నాడు. మోటారు ఆపాడు. వించ్ లాగాడు. ముల్లు ఎక్కింది. టక్‌మనలేదు. ఇంకా ఎక్కింది. ఆపేశాడు.

జరిగింది చాలా చిన్న విషయం. వెచ్చబడిన గొట్టానికి తగిలిన తురుము కాస్త కరిగింది. లోపల మైనస్ ఇరవై గోడల మధ్యకు పోయాక ఆ తడే గడ్డకట్టి, డ్రిల్‌నూ గోడనూ జిగురు పెట్టినట్టు అతికించేసింది. వేరే డ్రిల్ లేదు. కేబుల్ తెగితే సీజన్ అక్కడితో ముగిసినట్టే. మోటారును అటు కొంచెం ఇటు కొంచెం తిప్పి చూశాడు. రాలేదు. అప్పుడు చెప్పాను, ఎండ సంగతి. తిడతాడనుకున్నాను. "ముందే చెప్పి ఉంటే పదిహేను నిమిషాలు నీడలో పెట్టేవాళ్లం" అన్నాడు, అంతే. ఆ తర్వాత రెండు గంటలు నాతో మాట్లాడలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

గడ్డకట్టని ద్రవం, గ్లైకాల్ కలిపింది, సీసాలో పెట్టి తాడుతో కిందికి దించి పోశాం. కేబుల్‌ను బిగించి, కానీ బలవంతం చేయకుండా, వదిలేశాం. గంటకోసారి ఒకరు వెళ్లి ముల్లు చూసి రావాలి. సూర్యుడు అస్తమించడు కాబట్టి రాత్రి అని తెలిసేది గడియారం బట్టే. నా వంతు మూడు గంటలప్పుడు. గుంతలో ఒక్కదాన్నే కూర్చున్నాను, మంచు గోడ నుంచి నీలం వెలుగు వస్తోంది. మా ఊళ్లో ఒకసారి రాడ్లు ఇరుక్కుని బండి మూడు రోజులు నిలబడిపోయింది. రైతు గట్టు మీద అలాగే కూర్చున్నాడు, భోజనం తెస్తే తినలేదు. నాయన పక్కనే కూర్చున్నాడు. అప్పుడు నాకు పదేళ్లు, వాళ్లు ఏమీ చేయకుండా ఎందుకు కూర్చున్నారో అర్థం కాలేదు.

పందొమ్మిది గంటల తర్వాత, పొద్దున దాదా టీ గ్లాసు పక్కన పెట్టి వించ్‌ను ఒక పిసరు తిప్పాడు. టక్.

పైకి వచ్చిన ముక్కకు గ్లైకాల్ అంటుకుంది. దాన్నీ, దాని కింది మీటరున్నర ఫిర్న్‌నూ "రసాయనాలకు పనికిరాదు" అని రాసి పక్కన పెట్టాను. ఆ పేజీలో నా అక్షరాలు ఇప్పటికీ వంకరగా ఉంటాయి. కారణం దగ్గర "గొట్టం ఎండకు వేడెక్కింది, గుడ్డ దించలేదు" అని రాసి నా పొడి సంతకం పెట్టాను. దాదా చూసి తల ఊపాడు.

అరవై నాలుగు మీటర్ల దగ్గర ఆపాం. ఇంకా దిగొచ్చు, కానీ తుఫాను వస్తోందని మైత్రి నుంచి రేడియోలో చెప్పారు. ఫిర్న్ పూర్తిగా బిగిసి గాలి రంధ్రాలన్నీ మూసుకుపోయే హద్దుకు మేం కాస్త ఇవతలే ఆగినట్టు. బుడగల గాలి మా ప్లానులో లేదు కాబట్టి నాకు పెద్ద బాధ లేదు. దాదాకు ఉంది.

పెట్టెలు ఓడలో వచ్చాయి, మైనస్ ఇరవైలో ఉండే కంటెయినర్‌లో. నేను విమానంలో ముందే వచ్చేశాను. అవి గోవా చేరేదాకా నాకున్న టెన్షన్ ఇంకెవరికీ ఉండదు. దారిలో ఒక్క పూట కరెంటు పోతే, రెండు శతాబ్దాలు బకెట్ నీళ్లయిపోతాయి. ప్రతి పెట్టెలో వేలెడంత ఉష్ణోగ్రత కొలిచే యంత్రం పెట్టాం. పెట్టె తెరవగానే ఐసు కన్నా ముందు దాన్నే చూశాను. గీత ఎక్కడా లేవలేదు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు చల్లని గదిలో. బయట గోవాలో 33 డిగ్రీలు, తలుపు ఇవతల మైనస్ ఇరవై. అంటార్కిటికాలో వేసుకున్న కోటే వేసుకుని, గంట పని, బయటికొచ్చి వేడి టీ, మళ్లీ గంట. బ్యాండ్ సా అనే కరెంటు రంపం మీద ముక్కను నిలువునా కోసి ఒక భాగం దాచి పెడతాం. మిగతాదాని పై పొరను కత్తితో గీకేసి, లోపలి శుభ్రమైనదాన్ని ఐదేసి సెంటీమీటర్లుగా కోసి సీసాల్లో వేస్తాం. ఇక్కడ చెప్పుకోవడానికి కథ లేదు. పన్నెండు వందలకు పైగా సీసాలు, అన్నిటికీ ఒకేలాంటి నీళ్లు.

ఒకేలాంటివి కావు, అదే అసలు సంగతి. నీటిలో మామూలు ఆక్సిజన్‌తో పాటు కొంచెం బరువైన ఆక్సిజన్ కూడా ఉంటుంది. చలి ఎక్కువైతే ఆ బరువుది మంచులోకి తక్కువగా వస్తుంది. కాబట్టి వేసవి మంచు, చలికాలపు మంచు లెక్కలో వేరుగా కనబడతాయి, అలలా పైకీ కిందికీ. అలలు లెక్కపెట్టుకుంటూ పోతే ఏళ్లు. మధ్యలో ఒకటీ అరా తప్పుతాయి, అందుకే మైలురాళ్లు కావాలి. 1960ల మొదట్లో అణుబాంబు పరీక్షల ధూళి పడిన పొర ఒకటి. అగ్నిపర్వతాలు పేలినప్పుడు పడిన సల్ఫేట్ పొరలు ఇంకొన్ని.

అడుగుకు చేరువలో సల్ఫేట్ గీత ఒక్కసారి నిలువుగా లేచింది. కాస్త కిందికి, ఆరేళ్ల దూరంలో, ఇంకోటి, దానికన్నా చిన్నది. ఈ జంటను ఐసు తవ్వేవాళ్లెవరైనా చూడగానే గుర్తుపడతారు. పెద్దది ఇండోనేషియాలో 1815లో పేలిన తంబోరా. చిన్నది 1809 నాటిది, ఆ పేలిన కొండ ఏదో ఇప్పటికీ తేలలేదు. ఆ పేలుడును చూసి రాసినవాళ్లెవరూ ఇంతవరకు దొరకలేదు, మంచులో మాత్రం ఉంది. దాన్ని స్క్రీన్ మీద చూసినప్పుడు రాత్రి పదకొండైంది. ల్యాబులో ఎవరూ లేరు. ఫోన్ తీసి ఇంటికి చేశాను.

నాయన నిద్రమత్తులో ఉన్నాడు. "ఏమైంది పాపా?"

"అడుగున 1815 తగిలింది నాయనా. అప్పుడు పేలిన అగ్నిపర్వతం బూడిద, అంటే దాని ఆమ్లం."

"1815 అంటే... మన్రో దొర కాలమా?"

"ఇంచుమించు."

"ఎన్నడుగుల్లో?"

"రెండు వందల పది అడుగుల బోరు కదా, దాని అడుగుకు దగ్గర్లోనే."

కాసేపు ఏమీ అనలేదు. అవతల అమ్మ అడగడం వినబడింది, ఏమంట, ఏమంట అని. నాయన ఆమెకు చెప్పాడో నాకు చెప్పాడో తెలియలేదు.

"నేను ఏజెంటుగా దిగిన కొత్తలో మన కాడ ఆ లోతుకు నీళ్లు పడుతుండె. పోయిన వారం ఎనిమిది వందలు పోయినాము. దుమ్మే."

తర్వాత, "ఆ ఎండ తగిలి రాడ్డు ఇరుక్కున్న సంగతి మల్లొకసారి చెప్పు" అన్నాడు. చెప్పాను.

"పందొమ్మిది గంటలు లాక్కుండా ఉండినాడా మీ దాదా?"

"ఉండినాడు."

"మంచి డ్రైవరు" అన్నాడు.

బోరు బండి నడిపేవాళ్లను మా నాయన డ్రైవరు అనే అంటాడు.